చేపల తొట్టి వడపోత: పాతది పారేసే ముందు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం మామూలుగా మాట్లాడుకునేవి కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు. ఇవాళ కార్యదర్శిగారు నన్ను చేపల తొట్టి గురించి చెప్పమన్నారు. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కాని ఈ హాలులో ఇంట్లో గాజు తొట్టి ఉన్నవాళ్ళు చేతులెత్తమంటే పదిహేను చేతులు లేచాయి. అందులో కోరి తెచ్చుకున్నవి ఎన్ని? మనవడి కోసమనో మనవరాలి కోసమనో పిల్లలు కొని తెచ్చారు. తర్వాత వాళ్ళు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళారు. తొట్టి మన దగ్గర మిగిలింది. ఆదివారం ఫోనులో బొమ్మ కనబడగానే మనవడు మొదట అడిగేది "తాతా, చేపలు బాగున్నాయా?" అని. మన ఆరోగ్యం సంగతి ఆ తర్వాత. కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

నేను ఆదిలాబాదు జిల్లాలో చాలా ఏళ్ళు, కరీంనగర్ జిల్లాలో కొన్నేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. జీవశాస్త్రం చదివినవాణ్ణి కాను. రిటైరయ్యాక పద్నాలుగేళ్ళుగా ఒక తొట్టిని చూసుకుంటూ, దొరికిన పుస్తకాలు చదువుతూ, కనబడ్డది నోటుబుక్కులో రాసుకుంటూ తెలుసుకున్నదే చెబుతాను.

ముందుగా ఒక సంగతి. మన సభ్యులొకరు, పేరు వద్దు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను, ఒక దసరా ముందు మా ఇంటికి వచ్చారు. మొహంలో రక్తం లేదు. "ఏం జేసుడు సారూ, పండుగ అని తొట్టి మంచిగ కడిగిన. ఫిల్టర్ సుత కొత్తది పెట్టిన. మూడు దినాల్ల పదకొండు చేపలు పాయె" అన్నారు. బాధ చేపల గురించి మాత్రమే కాదు. ఆయన భార్యకు పదిహేను రోజుల్లో గుండె ఆపరేషన్ ఉంది. బంధువులెవరో ఇంటికి రాబోయే గండాన్ని చేపలు ముందే చూపించాయన్నారట. ఇంకొకరు ముహూర్తం మంచిది కాదు, ఆపరేషన్ వాయిదా వేయమన్నారట. ఆయన వాయిదా వేయడానికే సిద్ధమై, ఒక మాట అడిగి పోదామని వచ్చారు. నేను ఆయన వెంట వాళ్ళింటికి వెళ్ళి తొట్టి చూశాను. ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. అది మీకూ అర్థం కావాలంటే వడపోత అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి.

వడపోత మనకు కొత్త కాదు. మన చిన్నతనంలో వాగు నీళ్ళు బురదగా వస్తే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవాళ్ళు. కాసేపటికి మట్టి అడుక్కు దిగి నీళ్ళు తేటపడేవి. కొన్ని ఇళ్ళలో ఒకదాని మీద ఒకటిగా మూడు కుండలు పెట్టి, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో బొగ్గు వేసి నీళ్ళు వడగట్టుకునేవాళ్ళు. చేపల తొట్టి ఫిల్టర్ కూడా ఆ కుటుంబానిదే. కాని అది చేసే పనులు మూడు. మొదటిది, కంటికి కనబడే చెత్తను ఆపడం. ఆ పని స్పాంజి, తెల్లని దూది చేస్తాయి. రెండోది, బొగ్గు చేసే పని. అది నీళ్ళలో కరిగిన రంగును, వాసనను, మందుల అవశేషాలను పట్టుకుంటుంది. మూడోది కంటికి కనబడదు. చేప బతకడం, చావడం దాని మీదే ఆధారపడి ఉంటాయి.

చేప తిన్నదాంట్లోంచి అమ్మోనియా తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండా నీళ్ళలోకి వచ్చేస్తుంది. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. చెరువులో అయితే అంత నీటిలో అది కలిసిపోతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా పోసినా పట్టేది 56 లీటర్లు. అంటే చేప తన విసర్జనలోనే తిరుగుతుంది. ఆ అమ్మోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. దాన్ని ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు చాలావరకు అపాయం లేనిది. వారం వారం కొంచెం నీళ్ళు మారిస్తే పోతుంది. ఫైలు జూనియర్ దగ్గరనుంచి సీనియర్ దగ్గరకు, అక్కడినుంచి రికార్డు రూముకు పోయినట్టన్న మాట. మధ్యలో ఏ సీటు ఖాళీగా ఉన్నా కాగితాలు అక్కడే పేరుకుపోతాయి.

నేలలో ఈ పనిచేసే జీవులను రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో గుర్తించాడు. తొట్లలో రెండో మెట్టు పని నైట్రోబ్యాక్టర్ అనే జీవి చేస్తుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. మంచినీటి తొట్లలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరా చేస్తుందని 1998లో తేలింది. నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు మొదటి మెట్టు నుంచి చివరి దాకా రెండు పనులూ ఒంటరిగా చేయగలవని 2015లో బయటపడింది. జూనియర్, సీనియర్ రెండు సీట్లూ ఒక్కడే చూసుకునే గుమాస్తాలు మనలోనూ ఉండేవాళ్ళు కదా.

ఈ జీవులు నీళ్ళలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజి రంధ్రాలకు, పింగాణీ ఉంగరాలకు, అడుగు గులకరాళ్ళకు, గాజు గోడలకు పాచిలా అంటుకుని ఉంటాయి. ఎక్కువగా స్పాంజిలోనే, ఎందుకంటే అక్కడ ప్రాణవాయువు ఉన్న నీళ్ళు ఎప్పుడూ పారుతుంటాయి. పాలు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు. ఈ జీవులు అలా కాదు, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఒక్కసారి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కొత్త తొట్టిలో ఇవి సరిపడా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. కొత్త తొట్టి కొన్న మొదటి నెలలోనే చేపలు ఎక్కువగా చనిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన మిత్రుని తొట్టికి వద్దాం. ఆయన ఒక్క పూటలో నీళ్ళన్నీ తోడేశారు. గులకరాళ్ళు నల్లా కింద తెల్లగా వచ్చేదాకా కడిగారు. గాజుకు సబ్బు రుద్దారు. పాత స్పాంజి నల్లగా, జిగటగా ఉందని మోరీలో పారేసి కొత్తది పెట్టారు. తర్వాత తళతళలాడే నీళ్ళలో పదకొండు చేపలను వదిలారు. చూడ్డానికి అద్దంలా ఉంది. కాని ఆ ఇంట్లో పనిచేసే సిబ్బంది అంతా మోరీలో పోయారు. ఒక ఆఫీసులో అందరినీ ఒకే రోజు బదిలీ చేసి, ఒక్కరి దగ్గరా చార్జి తీసుకోకుండా కొత్తవాళ్ళను కూర్చోబెడితే ఏమవుతుందో మనకు తెలుసు. మూడో రోజుకు అమ్మోనియా పేరుకుంది. పైగా ఆయనది బోరు నీరు. మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, క్షార గుణం ఎక్కువ. నీటి పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. అదే పీహెచ్ 8 అయితే నూటికి అయిదు పాళ్ళు దాటుతుంది. అందుకే అంత తొందరగా పోయాయి.

బజారులో అమ్మోనియా చూసే చుక్కల మందు దొరుకుతుంది. అది తెప్పించి ఆయన ముందే గాజు గొట్టంలో నీళ్ళు పోసి చూపించాను. మా తొట్టి నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, ఆయన తొట్టి నీళ్ళు ముదురు ఆకుపచ్చగా మారాయి. "గండం ఇదే అన్నా, ఈ గొట్టంల ఉన్నది. వదినకు దీనికి ఏం సంబంధం లేదు" అన్నాను. ఆయన చాలాసేపు ఆ గొట్టాన్నే చూశారు. ఆపరేషన్ అనుకున్న రోజుకే జరిగింది. ఆమె ఈరోజు వెనుక వరుసలో కూర్చుని ఉన్నారు. నేను ఎవరి నమ్మకాలనూ తప్పుపట్టడం లేదు. చేపలు ఇంటి దృష్టి తీసుకుపోతాయని నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. కాని చేప చనిపోతే మొదట స్పాంజి చూడండి, నీళ్ళు చూడండి. ఆ తర్వాతే పంచాంగం.

ఇక శుభ్రం చేసే పద్ధతి. స్పాంజిని కడగాలి, కాని కొత్తదానిలా చేయకూడదు. వారానికొకసారి తొట్టి నీళ్ళలో నాలుగోవంతు ఒక బకెట్టులోకి తీస్తాం. ఆ బకెట్టు నీళ్ళలోనే స్పాంజిని రెండు మూడుసార్లు పిండి, వదులుగా ఉన్న మడ్డి పోగానే తిరిగి పెట్టేయాలి. గోధుమరంగు పోనక్కరలేదు. మూడు వారాలకొకసారి ఇలా చేస్తే చాలు. నీళ్ళు పారడం తగ్గితే ముందే చేయవచ్చు. రెండు స్పాంజిలుంటే ఒక్కొక్కసారి ఒక్కటే పిండాలి. స్పాంజి పిండిన రోజున గులకరాళ్ళు కదపవద్దు. సబ్బు, బ్లీచింగు పౌడరు, ఫినాయిలు వాసన కూడా తగలకూడదు. బకెట్టు కూడా ఇంకే పనికీ వాడనిది ఉంచుకోండి. మిగిలిన మురికి నీళ్ళు మోరీలో పోయవద్దు, మల్లెచెట్టుకు, కరివేపాకు చెట్టుకు పోయండి. ఎరువు కొనే పనుండదు.

నల్లా కింద ఎందుకు పిండకూడదంటే, నల్లా నీళ్ళలో మన ఆరోగ్యం కోసం క్లోరిన్ కలుపుతారు. కాకతీయ కాలువలో వచ్చి దిగువ మానేరులో నిలిచిన నీళ్ళు శుద్ధి అయి మన కరీంనగర్ ఇళ్ళకు వస్తాయి. క్లోరిన్‌కు మంచి జీవి, చెడ్డ జీవి అనే తేడా తెలియదు. తొట్టిలో పోసే కొత్త నీళ్ళను కూడా ఒక రోజంతా వెడల్పు తొట్లో మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో గుర్తుందా, అదే పలుకులు చేపల దుకాణంలో దొరుకుతాయి. సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేస్తే క్లోరిన్ వెంటనే విరిగిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఫిల్టర్‌లో ఏది ఎప్పుడు మార్చాలి? దుకాణంవాళ్ళలో కొందరు నెలనెలా స్పాంజి మార్చమంటారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నా లెక్క ఇది. తెల్లని దూది మడ్డిపట్టి నీళ్ళు పోనప్పుడు పారేసి కొత్తది పెట్టవచ్చు. బొగ్గు మూడు నాలుగు వారాల్లో పనిచేయడం మానేస్తుంది. మార్చుకోవచ్చు, లేకున్నా తొట్టి నడుస్తుంది. చేపలకు మందు వేసేటప్పుడు మాత్రం బొగ్గు తీసేయాలి, లేకుంటే మందును అదే తాగేస్తుంది. పింగాణీ ఉంగరాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. స్పాంజి కూడా అంతే. పిండితే తిరిగి లేవకుండా మెత్తబడినప్పుడో, ముక్కలుగా రాలుతున్నప్పుడో మార్చాలి. మా ఇంట్లోది అయిదో ఏడు నడుస్తోంది.

మార్చాల్సి వచ్చినా ఒక్కరోజులో కాదు. కొత్త స్పాంజిని పాతదాని పక్కనే పెట్టాలి. చోటు లేకుంటే కొత్త ఫిల్టర్ ఒకటి అదే తొట్టిలో పాతదానితో పాటు నడపాలి. నెలా పదిహేను రోజులు రెండూ కలిసి పనిచేయాలి. పాతదాంట్లోని జీవులు కొత్తదాంట్లోకి విస్తరిస్తాయి. అప్పుడు పాతది తీయాలి. తీసిన వారం రోజులు మేత సగం చేయాలి. ఇది చార్జి అప్పగించడమే. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందని మనవాళ్ళంటారు. ఏటికది సరే. తొట్టిలో మాత్రం పాతది కొంతకాలం ఉండి కొత్తదాన్ని నిలబెట్టాలి.

మోటారు సంగతి. గంటకు తొట్టి నీళ్ళన్నీ నాలుగైదుసార్లు తిప్పగలిగేది చాలు. రెండడుగుల తొట్టికి గంటకు 250 లీటర్లది సరిపోతుంది. రెండు నెలలకొకసారి దాని లోపలి చిన్న పంకా తీసి పాత పళ్ళకుంచెతో పాచి తీయాలి. చప్పుడు పెరిగిందంటే అక్కడ ఇసుకరేణువు ఇరుక్కుందని అర్థం. గాలి పంపు అయితే బుడగలు తగ్గినప్పుడు లోపలి రబ్బరు పొర మార్చాలి. చెయ్యి నీళ్ళలో పెట్టేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు కూడా పీకేయండి. తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా ఉండాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి బొట్టు కింద పడుతుంది, సాకెట్టులోకి పోదు. గాలి పంపును తొట్టి నీటిమట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి పంపులోకి వస్తాయి.

కరెంటు అంటే మన ఎండాకాలం గుర్తుకొస్తుంది. రామగుండంలో కరెంటు తయారవుతుంది, గాలిదుమారం లేస్తే మన వీధిలో పోతుంది. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటాయి. 35 డిగ్రీలకు అది 7కు పడిపోతుంది. వేడికి చేపకు ఎక్కువ ఊపిరి కావాలి, దొరికేది మాత్రం తక్కువ. అలాంటి రోజు కరెంటు పోతే మేత వేయవద్దు. చెంబుతో నీళ్ళు ముంచి అరడుగు ఎత్తు నుంచి నెమ్మదిగా పోస్తూ ఉండండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు కొనిపెట్టుకుంటే ఇంకా మేలు. మూసిన డబ్బా ఫిల్టర్ అయిదారు గంటలు ఆగిపోతే లోపలి జీవులు ఊపిరాడక చచ్చి కుళ్ళుతాయి. కరెంటు రాగానే స్విచ్చి వేయకండి. ముందు ఆ డబ్బా నీళ్ళు పారబోసి, స్పాంజి తొట్టి నీళ్ళలో పిండి, ఆ తర్వాత వేయండి.

ఆదిలాబాదు మిత్రులకు చలి సమస్య. పుష్యమాసంలో అక్కడి చలి ఒక అంకెకు దిగడం మనం అనుభవించినదే. బంగారు చేప మన రవ్వ, బొచ్చెల జాతిదే, చలికి తట్టుకుంటుంది. గప్పీ, ఏంజెల్ తట్టుకోవు. లీటరుకు ఒక వాటు లెక్కన హీటరు పెట్టాలి. చలిలో వడపోత జీవులు కూడా మందగిస్తాయి కనుక మేత తగ్గించండి.

ఇంకొక ముఖ్యమైన మాట. దోమల మందు. దాంట్లో ఉండే పైరెత్రాయిడ్లు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి పంపుతుంది. గదిలో మందు కొట్టినా, వీధిలో మునిసిపాలిటీ పొగ బండి వచ్చినా తొట్టి మీద తడిబట్ట కప్పి, గంటసేపు గాలి పంపు ఆపండి. గదిలో కొట్టిన మందైతే ఆ గంట కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి.

మనలో చాలామంది పిల్లల దగ్గరకు వెళ్ళి మూడు నెలలు, ఆరు నెలలు ఉండి వస్తాం. చూసుకోమని పక్కింటివారికి తాళంచెవి ఇస్తే చాలదు, చార్జి లిస్టు రాసి ఇవ్వండి. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేంత. ముందే పొట్లాలు కట్టి తేదీ వేసి ఉంచితే ఇంకా నయం. పోయే వారంలో స్పాంజి పిండి, నాలుగోవంతు నీళ్ళు మార్చి పొండి. "చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే మేత ఆపి, సగం నీళ్ళు మార్చి, నాకు ఫోను చేయండి" అని ఎర్ర సిరాతో రాయండి. చూసుకోలేమనుకుంటే తొట్టిని చేపలతో, పాత స్పాంజితో సహా ఇంకొకరికి ఇచ్చేయండి. పుణ్యమనుకుని మానేరులోనో, ఊరి చెరువులోనో మాత్రం వదలకండి. గాజు తుడుస్తుందని తెచ్చే నల్లటి సక్కర్ చేప బయటి నీళ్ళలో పెరిగితే మన జాలర్ల వలలు చింపుతుంది, చెరువు చేపల నోటి దగ్గర మేత లాగేస్తుంది.

చివరగా ఒక విన్నపం. మా తొట్టిలో అవసరానికి మించి రెండు చిన్న స్పాంజిలు ఎప్పుడూ నడుస్తుంటాయి. పక్కింటికి గిన్నె పట్టుకుని తోడుకు పోయే అలవాటు మనది. కొత్తగా తొట్టి పెట్టేవాళ్ళెవరైనా ఒక చిన్న డబ్బా పట్టుకుని రండి. మా తొట్టి నీళ్ళలోనే తడిగా ఒక స్పాంజి వేసి ఇస్తాను. దారిలో ఆగకుండా తీసుకుపోయి మీ తొట్టిలో పెట్టుకోండి. మా చేపలు ఏదైనా జబ్బుతో ఉంటే ఆ నెల ఇవ్వను, ముందే చెబుతాను. మీ తొట్టి కుదురుకున్నాక మీరూ ఒకటి అదనంగా నడిపి ఇంకొకరికి ఇవ్వండి. పోయిన ఏడాది నలుగురు తీసుకుపోయారు. రెండు స్పాంజిలు కరీంనగర్‌లోనే ఉన్నాయి, ఒకటి జగిత్యాలకు, ఒకటి మంచిర్యాలకు బస్సులో వెళ్ళింది.